కుప్పం లేజర్ గదిలో నేను పెట్టిన బొట్టు

మా అక్క కూతురు భార్గవి ఒక రోజు ఫోన్ చేసి, "మామా, నాకొక మోటారు చేసిస్తావా? అరచేతిలో పట్టేంత ఉంటే సాలు, కానీ తిరిగేటప్పుడు అస్సలు అదరకూడదు" అని అడిగింది. ఈ ప్రయాణానికి మొదలు అదే. మదనపల్లెలో నాది మోటారు వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లు, మిక్సీలు, గ్రైండర్లు తెచ్చిస్తే కొత్త రాగి తీగ చుట్టి పంపిస్తాను. తీరిక దొరికినప్పుడు ఎక్కడికైనా వెళ్లి వచ్చి ఇక్కడ రాస్తుంటానని పాత పాఠకులకు తెలుసు. భార్గవి కుప్పం అవతల ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ చేస్తోంది. ఆ సంస్థ పేరు రాయను. ఎందుకో చివరిదాకా చదివితే మీకే అర్థమవుతుంది. అక్కడ వాళ్లు కంటికే కాదు, మామూలు కెమెరాలకు కూడా అందనంత వేగంగా జరిగిపోయే సంగతులను లేజర్ వెలుగుతో ఫోటోలు తీస్తారు.

భార్గవి చేస్తున్న పని పట్టుదారం మీద. పచ్చి పట్టుపోగు మీద పురుగు పూసిన జిగురు ఒక పొరలా ఉంటుంది. లేజర్ వెలుగు ఆ పోగు మీద పడగానే ముందు జిగురు లేచిపోతుందా, లోపలి పోగు తెగుతుందా అన్నది ఆమె ప్రశ్న. దానికి వందల ఫోటోలు కావాలి. వెలుగు తగిలిన చోట దారం పాడైపోతుంది కాబట్టి ప్రతి ఫోటోకీ దారాన్ని కొంచెం ముందుకు జరపాలి. ఇంతవరకు ఆ పని చేత్తోనే చేస్తూ వచ్చింది. అందుకే మోటారు. తొందర ఎందుకంటే, ఆ లేజర్‌ను అక్కడ వంతులవారీగా వాడుకుంటారు. భార్గవి వంతు ఆ శుక్రవారం సాయంత్రంతో ముగుస్తుంది. మరుసటి రోజు నుంచి యంత్రం ఇంకో బృందం చేతికి వెళ్తుంది. అది మళ్లీ తన దగ్గరికి వచ్చేలోపు ఆమె ఫెలోషిప్ గడువు అయిపోతుంది. థీసిస్‌లో చివరి అధ్యాయం మొత్తం ఆ శుక్రవారం మీదే ఆధారపడి ఉంది. ఇదంతా నాకు ముందే చెప్పింది. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదన్నమాట.

మోటారును పాత టిఫిన్ డబ్బాలో దూది మధ్య పెట్టుకున్నాను. మా వీధి చివర పట్టు తీసే ఇంట్లో రంగు వేయని పచ్చి పట్టు చిన్న చిలప, అంటే దారపు చుట్ట, ఒకటి అడిగి తీసుకున్నాను. చొక్కా జేబులో బోయకొండ గంగమ్మ కుంకుమ పొట్లం వేసుకున్నాను. ఇది మా షాపు పద్ధతి. షాపులో పరీక్షకు తిప్పి చూడటం మేము లెక్కలోకి తీసుకోం. మోటారును పనిలో పెట్టి మొదటిసారి తిప్పేముందు, ఆ పని జరిగే చోటే బొట్టు పెట్టాలి. రైతు పొలంలో బోరుకు మోటారు దించేటప్పుడు నేను వెళ్తే, స్విచ్ వేసేముందు పంపుకూ, స్టార్టర్ పెట్టెకూ కూడా నా చేత్తోనే బొట్టు పెడతాను. మా నాయన అలాగే చేసేవాడు. నేను చేసిన మోటారు తొందరగా తిరిగి రిపేరుకు రాదని నాకు గర్వం కూడా ఉండేది.

ఆ శుక్రవారం పొద్దున ఆరు దాటాక మదనపల్లె బస్టాండులో పలమనేరు బస్సు ఎక్కాను. ఇక్కడినుంచి కుప్పానికి వెళ్లాలనుకునేవాళ్లు రైలు మీద ఆశ పెట్టుకోకండి. నేరుగా వెళ్లే బస్సులు కూడా తక్కువే. కండక్టర్‌ను అడిగితే విసుక్కోకుండా దారి చెప్పాడు. "నేరు బస్సు కోసరం కాసుకోని కూసుంటే మద్దేనం అయితాదప్పా. పలమనేర్లో దిగు, ఆడ వి.కోట మీద పొయ్యే కుప్పం బస్సులు ఉంటాయి" అన్నాడు. డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం చూసి, "ఏంప్పా, అంత భద్రంగా పట్టుకోనుండావు, పెండ్లికూతురి నగలా?" అని నవ్వాడు. "మా పాప ల్యాబుకు మోటారు" అన్నాను. ఆ మాట బస్సులో నలుగురికీ వినబడేటట్టే అన్నాను, అబద్ధమెందుకు.

పుంగనూరులో బస్సు కాసేపు ఆగింది. స్టాండు ఎదురుగా రోడ్డు వారన ఒకామె పెనం మీద దోసెలు పోస్తోంది. ఎర్రకారం పూసిన దోసె, పక్కన నీళ్లలా పల్చటి చెనిక్కాయల చట్నీ. వేరుశనగను మేము చెనిక్కాయలంటాం. చట్నీ ఇంకొంచెం అడిగితే, "తినప్పా తిను, యాడిదాకా పోతాండావు?" అంది. కుప్పం ల్యాబు అని ఆమెకూ చెప్పాను. "మీ పాప అంత సదువు సదివిందా! నువ్వేనా సదివించింది?" అంటే, సదివించింది మా అక్కాబావలే అయినా నేను కాదనలేదు, తల ఊపాను. మా అక్క సరోజమ్మ, బావ వాల్మీకిపురం దగ్గర రెండు ఆవులు, కాస్త మెట్ట పెట్టుకుని ఆ పిల్లను అంతదాకా తెచ్చారు. ఆ రోజు నా గొప్ప ఎంతవరకు పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పుంగనూరు నుంచి పలమనేరు ముప్పావుగంట లోపే. అక్కడ బస్సు మారాక దారి అందంగా ఉంటుంది. రోడ్డుకు రెండు వైపులా గుట్టలు, మామిడి తోటలు, మధ్యలో ఏనుగులు దాటే చోటు అని హెచ్చరిక బోర్డులు. కిటికీ పక్కన కూర్చోవాలంటే పలమనేరులోనే తొందరగా ఎక్కాలి. కుప్పంలో దిగేసరికి పదకొండు కావస్తోంది. బస్సు టిక్కెట్లన్నీ కలిపినా రెండు వందలు అటూ ఇటూ అవుతాయి. అక్కడినుంచి సంస్థకు ఆటోలో వెళ్లాను. ఆటో ఆయన, "ఆడ లోపల ఏం సేస్తారప్పా? మా చిన్నాయన కొడుకు గేటు కాడ ఉండాడు, వానికీ తెల్దంట" అని అడిగాడు. "తిరిగొచ్చేటప్పుడు నీ ఆటోనే ఎక్కుతా, అప్పుడు చెప్తా" అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు చెప్పుకునే ముఖం మిగలలేదు.

ఇలాంటి చోట్లకు ముందే అనుమతి తీసుకుని వెళ్లాలి. గేటు దగ్గర నా పేరు భార్గవి ముందే ఇచ్చి ఉంచింది. ఆమె పరుగున వచ్చి డబ్బా అందుకుని, "మామా, తిన్న్యావా?" అని అడిగి, లేజర్ గదికి తీసుకెళ్లింది. గది బయట చెప్పులు విప్పించింది. కాళ్లకు బట్ట తొడుగులు, నెత్తికి టోపీ, పైన తెల్లటి కోటు. తలుపు దగ్గర నేల మీద జిగురు పరిచిన చాప ఒకటి ఉంది, దాని మీద అడుగులు వేస్తే కాళ్లకున్న దుమ్ము దానికే అంటుకుంటుంది. "లోపల ఏందీ ముట్టొద్దు మామా. నీ మంచికే చెప్తాండా" అంది. "నాకు తెల్దా, కరెంటు పని సేసేవాణ్ణి" అన్నాను.

గది మధ్యలో మంచం కంటే పెద్ద ఇనుప బల్ల, దాని మీద వరుసగా రంధ్రాలు. ఆ రంధ్రాల్లో బిగించిన నల్లటి కడ్డీలు, ఒక్కో కడ్డీ పైన రూపాయి బిళ్లంత అద్దం. పైన కప్పు నుంచి చల్లటి గాలి మెల్లగా కిందికి దిగుతూ ఉంటుంది. అది దుమ్ము పడకుండా వడకట్టిన గాలి అని చెప్పింది. ఒక మూల పొడుగాటి పెట్టెలోంచి లేజర్ పుడుతుంది. అది వెలిగి ఆరే కాలం ఎంతో చెప్తే నాకు మొదట నమ్మకం కుదరలేదు. సెకనును కోటి కోట్ల ముక్కలు చేస్తే అందులో ఓ ఐదారు ముక్కలంతట. కెమెరా కూడా పెద్ద గొప్పదేమీ కాదని, వేగమంతా ఆ వెలుగులోనే ఉందని అంది. చీకట్లో కెమెరా కన్ను తెరిచే ఉంటుంది. అంత చిన్న మెరుపు ఒకటి వచ్చి పోతే, ఆ మెరుపులో ఏది ఎలా ఉందో అలాగే నిలిచిపోతుంది.

"మరి దారం మీద లేజర్ పడిన ఎంతసేపటికి ఫోటో తీయాలో ఎట్ల తెలుస్తుంది?" అని అడిగాను. ఆమె ముఖం విప్పారింది. ఒకే మెరుపును రెండుగా చీలుస్తారట. ఒకటి గట్టిది, దారాన్ని కొట్టడానికి. ఇంకోటి మెత్తనిది, వెనకనుంచి వచ్చి నీడ పట్టడానికి. "పలమనేర్లో రెండు బస్సులు ఒకటేసారి బయల్దేరినాయనుకో మామా. ఒకటి నేరుగా వస్తాది, ఇంకోటి నాలుగు ఊర్లు సుట్టుకోని వస్తాది. సుట్టుకోని వచ్చేది ఎంత లేటో, మనం దారి ఎంత పొడుగు పెట్టినామో అంతే" అంది. బల్ల చివర పట్టాల మీద జరిగే అద్దాల జత ఒకటి చూపించింది. దాన్ని వెంట్రుక మందమంత వెనక్కి జరిపినా రెండో మెరుపు ఆ మేరకు ఆలస్యంగా వస్తుంది. అలా కొంచెం కొంచెం జరుపుతూ, ప్రతిసారీ కొత్త చోట దారాన్ని కొట్టి, వచ్చిన నీడలను వరుసగా పేరిస్తే జరిగింది మొత్తం కళ్లకు కడుతుంది. ఇంత కష్టమైన పని ఇంత తేలికగా చెప్పిందే అని నాకు ఒళ్లు పులకరించింది.

రంగు కళ్లద్దాలు ఇద్దరం పెట్టుకున్నాక చేత్తోనే దారం జరుపుతూ కొన్ని ఫోటోలు తీసి చూపించింది. తెర మీద అడ్డంగా పట్టుపోగు నీడ, మొద్దు కర్రంత లావుగా. మొదటి దాంట్లో ఏమీ లేదు. తర్వాతి దాంట్లో ఒక పక్క చిన్న ఉబ్బు. ఆ తర్వాత ఆ ఉబ్బు మీద పల్చటి పొగ, ఇంకా తర్వాత పొగ గుండ్రంగా గోపురంలా లేచింది. "సూడు మామా, లోపలి పోగు ఇంకా అట్లే ఉండాది. జిగురే ముందు లేస్తాండాది. నేను అనుకున్నట్టే ఉండాది!" అని నా చెయ్యి పట్టుకుని ఊపింది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మోటారుతో ఆపకుండా తీస్తే కావలసినన్ని వస్తాయని లెక్కేసుకుంది. లేజర్ దారిని ఒక రేకుతో మూసి, నేను తెచ్చిన మోటారును బల్ల మీద బిగించింది. చిలపలోని దారాన్ని చుట్టడానికి కండె తెస్తానని పక్క గదికి వెళ్లింది. మోటారు బిగించడానికని తీసిన అద్దాల మీది మూత మళ్లీ వేయలేదు.

నేను కోటు పక్కకు తప్పించి జేబులోంచి పొట్లం తీశాను. ముట్టొద్దని ఆమె చెప్పిన మాట మరిచిపోలేదు. బొట్టు పెట్టడం ముట్టుకోవడం కిందికి వస్తుందని నాకు తోచలేదు, అంతే. మోటారు నుదుట, అంటే దాని మూత మీద, ఒక బొట్టు పెట్టాను. వేలికి ఇంకా కుంకుమ మిగిలింది. చిన్న మోటారుకు పెట్టి అంత పెద్ద యంత్రాన్ని వదిలేస్తే బాగుండదనిపించింది. అద్దాన్ని తాకకూడదన్న జ్ఞానం ఉంది కాబట్టి, దారానికి ముందున్న అద్దం తాలూకు నల్ల కడ్డీకి పెట్టాను. "తల్లీ, పిల్ల పని సాగేటట్టు సూడు" అనుకున్నాను. వేలు దులిపాను. ఆ వేలు దులిపిన క్షణాన్ని నేను ఈ మధ్య చాలాసార్లు తలుచుకున్నాను.

భార్గవి కండెతో వచ్చింది. తొందరలో ఉంది, మోటారును వెనక వైపునుంచి చూసింది, బొట్టు కనబడలేదు. దారం చుట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, రేకు తీసింది. మోటారు తిరిగింది. ఒక్క అదురు లేదు. తెర మీద వరుసగా ఫోటోలు పడుతుంటే నా గుండె ఉప్పొంగింది. అంతలో బొమ్మ మసకబారింది. గోపురంలా లేవాల్సిన పొగ పక్కకు చిరిగినట్టు వచ్చింది, ఆ తర్వాత అసలు పొగే లేదు. ఏదో సన్నగా కాలిన వాసన. ఆమె చప్పున రేకు దించి, టార్చి తీసుకుని అద్దం మీదికి వంగింది. చాలాసేపు లేవలేదు.

తర్వాత టార్చి వెలుగు అద్దం మీదినుంచి కిందికి దిగి కడ్డీ మీది బొట్టు దగ్గర ఆగింది. అక్కడినుంచి మోటారు మీదికి వెళ్లింది. తర్వాత ఆమె నా కుడిచేతి వేలు చూసింది. నేను చేతిని కోటు జేబులో పెట్టుకున్నాను. ఎంత పాపిష్టి పని చూడండి, ఏభై దాటిన మనిషిని, పిల్లాడిలా చెయ్యి దాచుకున్నాను. నలుసంత కుంకుమ గాలికి అద్దం మీద పడితే చాలట, అంత గట్టి వెలుగు తగిలి అది భగ్గుమంటుంది, దాంతోపాటు అద్దం పైపూత కాలిపోతుంది. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పటికి నాకు తెలిసిందల్లా, ఆ పిల్ల ముఖంలో రక్తం లేదు.

అప్పుడే ఆమె గైడు మీనాక్షి మేడమ్ లోపలికి వచ్చారు. కుప్పం మనిషే, నెమ్మదస్తురాలు. "ఏమైంది, ఎందుకు ఆపినావు?" అని అడిగారు. భార్గవి మేడమ్ వైపు చూడకుండా నావైపు చూసింది. చెప్పడానికి నాకు సమయం ఉంది. నోరు తెరవబోయాను కూడా. పొద్దున బస్సులో చెప్పుకున్న గొప్పలన్నీ గుర్తొచ్చి, చూపు పక్కకు తిప్పుకున్నాను. అంతలో భార్గవి, "చివరి అద్దం కాలిపోయింది మేడమ్. పొద్దున నేనే తుడిచినాను. తుడిచిన ద్రవం సరిగ్గా ఆరలేదేమో. తప్పు నాదే" అంది. మేడమ్ గడియారం చూశారు. "ఇంకో అద్దం స్టాకులో లేదు కదా" అన్నారు. "లేదు మేడమ్." "తెప్పించాలంటే వారాలు పడుతుంది. సరే, ఏం చేస్తాం. మూసేయ్" అని, నాకు మర్యాదగా నమస్కారం పెట్టి వెళ్లారు. ఆ నమస్కారానికి నేను ప్రతినమస్కారం చేయలేదు. చెయ్యి జేబులోంచి తీస్తే ఎర్రగా కనబడుతుంది.

అంత జరిగాక కూడా ఆ పిల్ల నన్ను క్యాంటీనుకు తీసుకెళ్లి అన్నం పెట్టించింది. పప్పు, గోరుచిక్కుడు తాళింపు, మజ్జిగ. వంటాయన, "మేనమామనా? ఇంకొంచెం ఏస్తా ఉండప్పా" అని కొసరి వడ్డించాడు. మజ్జిగ దాకా వచ్చాక, "యాల అట్ల సెప్తివి పాపా?" అని అడిగాను.

"నువ్వు సెప్తావేమోనని సూస్తి మామా" అంది. గొంతులో కోపం లేదు. "నువ్వు సెప్పలేదు. నీ పేరు సెప్తే మేడమ్ ముందర నువ్వు తల దించుకోవాల. ఇంట్లో వాళ్లను ఇంకెప్పుడూ లోపలికి రానియ్యరు. నేనైతే అద్దం తుడిసేటప్పుడు ఏమరినానంటే సరిపోతాదని సెప్పేస్తి."

తలకొట్టేసినట్టయింది. చేతులు కడుక్కుని, ఏదో పనుందని చెప్పి బయటపడ్డాను. పొద్దున ఆటో ఆయన గేటు దగ్గర లేకపోవడం మంచిదనిపించింది. కుప్పం స్టాండులో వి.కోట బస్సు ఎక్కి కూర్చున్నాక మా అక్క ఫోన్ చేసింది. "పాపకు ఫోటోలు వచ్చినాయా? నువ్వు పోయుంటే అన్నీ అయితాయిలే అని మీ బావ అంటాండాడు" అంది. "సిగ్నల్ సరిగ్గా లేదక్కా" అని పెట్టేశాను. ఒకే రోజు రెండోసారి నోరు మూసుకున్నాను. బస్సు కదిలింది. పొద్దున అందంగా కనబడిన గుట్టలు ఏవీ గుర్తులేవు. శాంతిపురంలో బస్సు ఆగితే లేచి దిగబోయాను. కండక్టర్ ఆపి, "టిక్కెట్టు వి.కోటకు కదప్పా, ఈడ యాల దిగుతాండావు?" అన్నాడు. "ఒక మాట సెప్పకుండా వచ్చేసినాను" అని దిగిపోయాను. రోడ్డు దాటి ఎదురొచ్చిన షేర్ ఆటోలో మళ్లీ కుప్పం వెళ్లాను.

మీనాక్షి మేడమ్ తన గదిలో కంప్యూటర్ ముందు ఉన్నారు. నిలబడే చెప్పాను. "మేడమ్, ఆ అద్దం మా పాప వల్ల కాలలేదు. నా వల్ల."

"మీరేం చేసినారు?"

"బొట్టు పెట్టినాను. మోటారుకు, ఆ అద్దం కడ్డీకి."

నవ్వుతారేమో, తిడతారేమో అనుకున్నాను. ఆమె రెండూ చేయకుండా ఫోన్ తీసి ఎవరికో, "ఎవరూ లేజర్ వెయ్యొద్దు, గాలి కూడా ఆపండి" అని చెప్పి, నన్ను వెంటబెట్టుకుని లేజర్ గదికి నడిచారు. భార్గవి ఒంటరిగా కాలిన అద్దాన్ని విప్పుతోంది. నన్ను చూసి చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే పట్టుకుని నిలబడిపోయింది. మేడమ్ దీపాలు ఆర్పి టార్చిని అద్దాలకు ఏటవాలుగా పట్టారు. ఎర్రటి నలుసులు. కడ్డీల మీద, పట్టాల మీద, ఇంకా రెండు మూడు అద్దాల మీద కూడా.

"రేపు పొద్దున ఇంకో బృందం పిల్లలు వచ్చి స్విచ్ వేసుంటే ఇవన్నీ పోయుండేవి" అన్నారు మేడమ్. తర్వాత భార్గవి వైపు తిరిగి, "నువ్వు తుడిచిన పద్ధతిలో తప్పని చెప్పినావు. ఆ మాట నమ్మి, అట్లే తుడిచిన అద్దాలన్నీ విప్పించాలని ఇప్పుడే మెయిల్ రాస్తా ఉండాను. అసలు కారణం తెలిసే అట్ల చెప్పినావా?" అని అడిగారు.

"తెలుసు మేడమ్. మామ పోయినాక నేనే అంతా శుభ్రం చేసేద్దామనుకున్నాను."

"ఈ గదిలో అద్దాలు పోయినాయి. ఒకసారి లేజర్ పుట్టించే క్రిస్టలే పోయింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఎందుకు పోయిందో అబద్ధం చెప్పినవాళ్లు మాత్రం ఇంతవరకు లేరు" అన్నారు. గొంతు పెంచలేదు. "ఇంకపైన నువ్వు ఒక్కదానివే లేజర్ వెయ్యొద్దు. ఎవరో ఒకరు పక్కన ఉండాల."

భార్గవి తల ఊపింది. అద్దం కాలినప్పుడు రాని కన్నీళ్లు అప్పుడు వచ్చాయి. నేను ఉండబట్టలేక, "నా కోసరం అబద్ధం చెప్పింది మేడమ్, దాన్ని ఏమీ అనొద్దండి" అని బతిమాలాను. మేడమ్ నావైపు చూసి, "అర్థమైంది సార్. అప్పుడు మీరు పక్కనే ఉండారు కదా" అన్నారు.

తుడవడానికి సాయం చేస్తానని అడిగాను. "వద్దు మామా, నువ్వు ముట్టొద్దు" అంది భార్గవి. అని, అలా అన్నందుకు తనే నొచ్చుకున్నట్టు, "మోటారు మాత్రం శానా బాగా తిరిగింది. ఒక్క అదురు లేదు" అంది. తిట్టినా తట్టుకునేవాణ్ణి. చీకటి పడకముందే బస్సు ఎక్కాను. పలమనేరు చేరగానే అక్కకు నేనే ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె "పాప తిన్న్యాదా?" అని మాత్రం అడిగింది.

ఇది రాసేనాటికి ఆ లేజర్ ఇంకో బృందం దగ్గరే ఉంది. భార్గవి ఆ రోజు మోటారు పెట్టకముందు తీసిన ఫోటోలతోనే చివరి అధ్యాయం రాస్తోంది. జిగురే ముందు లేస్తుందని తనకు తెలుసు, నిరూపించడానికి చాలినన్ని ఫోటోలు లేవు. ఫెలోషిప్ ఆగిపోతే కొన్నాళ్లు ఏదైనా కాలేజీలో పాఠాలు చెప్పుకుంటానంటోంది. వారానికోసారి ఫోన్ చేస్తుంది, మునుపటిలాగే మామా అంటుంది, నాకే మునుపటిలా మాట్లాడటం రావడం లేదు. ఈ సంగతి బ్లాగులో రాయనా అని అడిగితే, "రాయి మామా. మేడమ్‌తో నేను చెప్పిన అబద్ధం కూడా రాయి, దాచొద్దు" అంది. బొట్టు పెట్టినందుకు నాకు సిగ్గు ఉంది, కానీ అది తెలివితక్కువతనం, దాన్ని ఎప్పటికైనా మింగగలను. ఆ పిల్ల నావైపు చూసినప్పుడు నేను చూపు తిప్పుకోవడం ఉందే, దాన్ని మింగలేకపోతున్నాను. వేలు దులిపినందుకు ఒక అద్దం పోయింది. నోరు మెదపనందుకు ఇన్నేళ్లు నిజం వెంటపడి చదువుకున్న పిల్ల చేత అబద్ధమాడించాను, ఆమె గురువు ముందు ఆమె మాట విలువ తీశాను.

ల్యాబులు చూడటానికి వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒక్కటే. అనుమతి, సమయం, బస్సులు అన్నీ ముందే చూసుకోండి, జేబులు ఖాళీ చేసుకుని వెళ్లండి. అంత జాగ్రత్తగా ఉన్నా మీ చెయ్యి దేనికైనా తగిలితే, అక్కడికక్కడే, పక్కనున్నవాళ్లకు పైకి వినబడేటట్టు చెప్పేయండి. మీ మీద ప్రేమ ఉన్నవాళ్లెవరైనా "నేనే" అనేలోపే చెప్పండి.